గృహస్థునకు ధ్యానము

ధ్యానమనగానే మనలో పెక్కుమందికి హిమాలయ గుహయో, జడలు కట్టిన తపస్వియో స్ఫురించును. వంటయిల్లు, కచేరి, పిల్లల చదువులు, వీని నడుమ బ్రదుకువారికి అది అందనిదని తలచి కొందఱు ఆరంభింపనే ఆరంభింపరు. ఆరంభించినవారిలో పలువురు నాలుగు దినములకే మానివేయుదురు. “కన్నులు మూసిన వెంటనే వేయి తలపులు ముసురుచున్నవి, ఇది మా వలన కాదు” అని శ్రోతలు మాకును వ్రాయుచుందురు. ఆ నిరాశకు కారణము లేదని మనవి చేయుటయే నేటి మా ప్రసంగము యొక్క ఉద్దేశము.

భగవద్గీత ఆఱవ అధ్యాయమును చూడుడు. మనస్సు చంచలమైనదనియు, దానిని నిగ్రహించుట గాలిని పట్టుటవలె దుష్కరమనియు మొఱపెట్టినవాడు గుఱి తప్పని విలుకాడైన అర్జునుడు. అతడు సంసారియు కూడ. శ్రీకృష్ణుడు ఆ మాటను కాదనలేదు. అభ్యాసము చేతను, వైరాగ్యము చేతను అది వశమగునని మాత్రము పలికెను. పతంజలి యోగసూత్రములును ఈ రెండు ఉపాయములనే చెప్పుచున్నవి. కావున తలపులు ముసురుట మన అయోగ్యతకు గుర్తు కాదు. అది మనస్సు స్వభావము.

ఇక ఆచరణ. ప్రత్యేకమైన గది అక్కఱలేదు. తుడిచిన ఒక మూల, ఒక చాప, దానిపై మడతపెట్టిన దుప్పటి చాలును. ఆసనము మిక్కిలి ఎత్తుగాని, మిక్కిలి పల్లముగాని కారాదని గీతయే చెప్పుచున్నది. మోకాళ్ల నొప్పులు గలవారు కుర్చీపై కూర్చుండవచ్చును. పాదములు నేలకు ఆనవలెను, వెన్ను నిటారుగా నుండవలెను. ఇల్లు మేల్కొనకమునుపు కూర్చుండుట మేలు. వీలు కానివారు సంధ్యాదీపము పెట్టిన పిదప కూర్చుండవచ్చును. ఏ వేళనైనను దినదినము ఒకే వేళను పాటింపవలెను. మొదట 5 నిమిషములు చాలును; నెల గడచిన తరువాత 10 చేయవచ్చును.

ఊపిరి బిగబట్టరాదు. సహజముగా వచ్చిపోవు శ్వాసను గమనించుచు, విడుచు ఊపిరితో ఇష్టదైవము నామమును మనస్సులో అనుకొనవలెను. ఏ మతము వారైనను తమకు పవిత్రమైన మాటను గ్రహింపవచ్చును. కొంతసేపటికి మనస్సు బియ్యపు డబ్బా వైపో, బాకీ చీటీ వైపో పోవును. పోయినదని తెలిసిన క్షణమున విసుగుకొనక, పసిబిడ్డను చేయిపట్టి తెచ్చినట్లు నామము కడకు మరల తేవలెను. పదిమార్లు పోయినచో పదిమార్లు తేవలెను. అట్లు తెచ్చుటయే అభ్యాసము. 1975లో అమెరికా వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ ప్రకటించిన గ్రంథమునను, ఒక మాటను మరల మరల అనుకొనుట, అన్యచింతలు వచ్చినపుడు కలత చెందక దానికే మరలివచ్చుట ముఖ్యాంగములుగా చెప్పబడినవి.

ధ్యానము ఔషధమునకు బదులు కాదు. మనోవ్యాధులకు చికిత్స పొందువారు వైద్యుని అడిగి ఆరంభింపవలెను, మందులు మానరాదు. కూర్చున్నపుడు భయమో, దుఃఖమో పొంగివచ్చినచో కన్నులు తెఱచి, లేచి నాలుగడుగులు నడవవలెను.

ఇంటివారికి ఒక మాట. ఇల్లాలు కూర్చున్న ఆ 5 నిమిషములు ఆమెను పిలువకుండుట మీరు చేయదగిన సాయము. పొయ్యిమీది పాలను మఱియొకరు చూడవచ్చును.

ఫలితమును వింత వెలుగులలో వెదకకుడు. పరుషమైన మాట నోటికి వచ్చినపుడు ఒక్క ఊపిరి కాలము ఆగగలిగినచో అదియే ఫలితము. ఆ ఒక్క ఊపిరి వలన ఇంటిలో ఒక కలహము తప్పినను మన 5 నిమిషములు సార్థకములే.