నహానీ ట్రాపులోని చెంబెడు నీరు



నాటకములు, పద్యపఠనములు వినవచ్చినవారికి మురుగుగొట్టములను గూర్చిన ప్రసంగము వింతగా తోచవచ్చును. అయినను ఇది ఖరగ్‌పూరులో మన క్వార్టర్లయందు వేసవి సెలవుల పిమ్మట అనేకులకు ఎదురగు చిక్కు గనుక దీనినే ఎన్నుకొంటిని.

బడులు మూయగనే పాసు వ్రాయించుకొని, శ్రీకాకుళమో విజయనగరమో విశాఖపట్టణమో పోవుదుము. నెల గడచి తిరిగివచ్చి తాళము తీయగనే కుళ్ళిన కోడిగ్రుడ్డు వంటి కంపు ముఖమున కొట్టును. ఎలుక చచ్చినది కాబోలునని మంచములక్రింద వెదకుదుము. నేనును ఒక ఏడు అట్లే వెదకితిని. ఎలుక దొరకలేదు. స్నానపుగదిలోని జాలీమూతను తీసి చూడగా లోపల అంతయు ఎండిపోయి యుండెను.

ఆ జాలీక్రింద గిన్నెవంటి అమరిక యొకటి కలదు. మేస్త్రీలు దానిని నహానీ ట్రాపు అందురు. వంటింటి సింకుక్రింద వంగియుండు గొట్టము చేయు పనియు అదియే. మనము పోసిన నీరు వెడలిపోవును గాని, చివర కొంత ఆ వంపునందు నిలిచిపోవును. సాధారణముగా రెండంగుళముల లోతు, అనగా 50 మిల్లీమీటర్లు. మురుగుకాలువలోని వాయువులు ఇంటిలోనికి రాకుండ ఆపునది ఆ నీరే. ఇట్టి వంపును మరుగుదొడ్డికి అమర్చి 1775 లో పేటెంటు పొందినవాడు లండనులోని గడియారముల పనివాడు అలెగ్జాండర్ కమ్మింగ్. రెండు వందల యేబది సంవత్సరములు గడచినను అంతకంటె చౌకయైన ఉపాయము నా యెరుకలో లేదు.

ఇల్లు మూసియుంచినపుడు ఆ నీరు ఎండలకు ఆవిరియై పోవును. కాని కొన్ని యిండ్లలో దానిని మనమే చేజేతుల పోగొట్టుకొందుము. మా యింట జరిగినది చెప్పెదను. నహానీ ట్రాపులో గంటవలె బోర్లించిన చిన్న మూకుడుండును. నీరు మెల్లగా పోవుచున్నదని విసిగి, దానిని ఊడదీసి గూటిలో పెట్టితిని. నీరు జరజర పోయెను. నేను చాల సంతోషించితిని. ప్రక్కగదిలో పరుండు మా అమ్మగారు మాత్రము తలనొప్పి యనియు, అన్నము సహించుట లేదనియు వారము దినములు చెప్పిరి. వయసు మీరుటచే అనుకొంటిమి. మూకుడు మరల పెట్టి, జాలీకి చుట్టుకొన్న వెండ్రుకలను తీసివేయగా నీరును సరిగా పోయెను, ఆమె తలనొప్పియు తగ్గెను.

మేడ క్వార్టర్లలో మరియొక చిక్కు కలదు. పైయింటివారు బకెట్టు నీళ్ళు ఒక్కసారిగా కుమ్మరించినపుడు క్రిందియింటి గొట్టము గుళగుళమనుట మీరు వినియుందురు. దిగు నీటి వేగమునకు క్రింది వంపులోని నీరుకూడ లాగబడును. దానిని నివారించుటకే కప్పుపైకి గాలిగొట్టము నిలిపిరి. పనికిమాలినదని తలచి దాని నోట గుడ్డలు కుక్కువారిని చూచితిని.

కంపును గూర్చి ఇంత రాద్ధాంతమేల అందురేమో. 2003 లో హాంకాంగులోని అమోయ్ గార్డెన్స్ అను బహుళ అంతస్తుల నివాసములలో సార్స్ వ్యాధి 300 మందికి పైగా సోకెను. స్నానపుగదుల నేలను నీళ్ళతో కడుగక తుడిచి ఊరకొనుటచే వంపులు ఎండిపోయినవనియు, గాలి వెలికిత్రోయు పంకాలు తిరుగునపుడు మురుగుగొట్టములలోని తుంపరలు ఆ దారినే గదులలోనికి వచ్చెననియు విచారణలో తేలినది. మన యిండ్లలోను నేడు కడుగుట తగ్గి, కర్రగుడ్డతో తుడుచుట హెచ్చినది. హైడ్రోజన్ సల్ఫైడు సంగతియు గుర్తుంచుకొనవలెను. అది మిక్కిలి హెచ్చినచో ముక్కే మొద్దుబారును, వాసన తెలియదు. మేన్‌హోలులలోనికి దిగిన కార్మికులు ప్రాణములు కోల్పోవుటకు అదియొక కారణము.

కావున ఊరికి పోవునాడు నహానీ ట్రాపులోను సింకులోను నీరు పోసి, పైన రెండు చెంచాల నూనె విడువుడు, ఆవిరియగుట మందగించును. తిరిగివచ్చినపుడు ముందు కిటికీలు తెరచి, పిమ్మట నీరు పోయుడు. అప్పటికిని కంపు పోనిచో గొట్టమెక్కడనో పగిలియుండవచ్చునని తలచి మేస్త్రీని పిలువుడు.

మా పొరుగున నున్న బెంగాలీ కుటుంబమువారు పూజల సెలవులకు పోవుచు తాళపుచెవి మా కిచ్చెదరు. వేసవికి పోవుచు మేము వారి కిచ్చెదము. వారమున కొకమారు స్నానపుగదిలో చెంబెడు నీరు పోసి తాళము వేసి వచ్చుటయే ఉభయులకును పని.