తొడగూడు తొలగిన పసిబిడ్డలు – తల్లిదండ్రులకు ఒక మనవి
(స్త్రీల సమాజ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



పసిబిడ్డల ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్మును పిలిచినారు. మేము వైద్యులము కాము, సంఘకాపరులము. అయినను మా సంఘములోని ఒక బిడ్డ విషయమై మేము ఒక తప్పు మాట చెప్పియున్నాము. ఆ మాట మీలో ఎవరును చెప్పకుండవలెనని ఈ సంగతి ఎత్తుచున్నాము.

యాకోబు వృత్తాంతము చదివినవారికి 'తొడగూడు' అను మాట తెలిసినదే. తుంటిలో గిన్నెవంటి గుంట ఉండును. తొడ యెముక యొక్క గుండ్రని తల అందులో ఇమిడి తిరుగును. కొందరు బిడ్డలకు ఆ గిన్నె లోతు చాలదు; కొందరికి ఎముక తల గూటినుండి జారిపోవును. వెయ్యిమంది శిశువులలో ఒకరిద్దరికి ఇట్లు పూర్తిగా తొలగియుండునని వైద్యులు చెప్పుదురు. ఆడపిల్లలకు, తొలిచూలు బిడ్డలకు, గర్భములో ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డలకు, కుటుంబములో ఇదివరకే ఈ లోపమున్నవారికి ఇది ఎక్కువగా వచ్చును. ఇది తల్లి చేసిన తప్పు కాదు, గ్రహణదోషమును కాదు.

మేము చెప్పుచున్న బిడ్డకు పదునాలుగవ నెలలో అడుగులు వచ్చినవి. ఒక ప్రక్కకు ఒరుగుచు నడిచెడిది. "అచ్చము మేనత్త నడకే" అని నాయనమ్మ మురిసినది. తల్లి మాత్రము మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఒక కాలు పొట్టిగా ఉన్నట్టుందండి" అన్నది. మేము ప్రార్థించి, "నొప్పి లేదు గదమ్మా, నడవగా నడవగా అదే కుదురుకొంటుంది" అన్నాము. ప్రార్థించుట తప్పు కాదు, ఆ మాట తప్పు. ఈ లోపమున్న పసిబిడ్డకు సాధారణముగా నొప్పి తెలియదు. ఇక మేనత్త పోలిక యన్నదే మాకు హెచ్చరిక కావలసినది. వైద్యునికి చూపునప్పటికి బిడ్డకు మూడేండ్లు నిండినవి.

చికిత్స వయస్సునుబట్టి మారును. ఆరు నెలలలోపు శిశువులకు చెక్ వైద్యుడు ఆర్నాల్డ్ పావ్లిక్ 1940ల దశకములో రూపొందించిన పట్టీలు వేయుదురు. ఇవి భుజములనుండి పాదములవరకు ఉండి, మోకాళ్ళు మడిచి తొడలను విడదీసి నిలుపును. సాధారణముగా 6 నుండి 12 వారములు ఉంచుదురు. మత్తు లేదు, కోత లేదు. ఎక్కువమందికి ఇవే చాలును. అయితే ఇంటివద్ద వాటిని బిగించుటగాని వదులు చేయుటగాని కూడదు. తప్పుగా బిగించినయెడల ఎముక తలకు రక్తప్రసారము చెడవచ్చును.

ఆరు నెలలు దాటి సుమారు ఏడాదిన్నర వరకు, మత్తు ఇచ్చి కీలును చేతితో సరిచేసి, నడుమునుండి కాళ్ళవరకు సిమెంటు కట్టు వేయుదురు. అది సుమారు మూడు నెలలు ఉండును. ఆ వయస్సు దాటినచో తరచుగా శస్త్రచికిత్సయే మార్గము. కీలును తెరచి ఎముకను గూటిలో ఉంచుదురు. కెనడా వైద్యుడు రాబర్ట్ సాల్టర్ 1961లో ప్రకటించిన పద్ధతిలో తుంటి యెముకను కోసి గిన్నెను సరిదిద్దుటయు కలదు. ఏ చికిత్సయు లేనియెడల కుంటితనము మిగులును. యౌవనములోనే కీలు అరిగి నొప్పి మొదలగును.

మా సంఘపు బిడ్డకు శస్త్రచికిత్సయు, కట్టును రెండును తప్పలేదు. నడివేసవిలో కట్టులోనున్న బిడ్డకు తల్లి రాత్రింబగళ్ళు విసరుచు కూర్చున్నది. నేడు ఆ పిల్ల బడికి నడచి వెళ్ళుచున్నది గాని కొంచెము ఒరుగు మిగిలినది. తరువాత పుట్టిన చెల్లెలిని మొదటి వారములోనే చూపించినారు. ఆమెకును లోపమున్నది. పట్టీలతోనే సరియైనది, ఇప్పుడు అక్కకంటె ముందు పరుగెత్తుచున్నది. ఒక్క ఇంటిలోనే ఆలస్యమును, తొందరయు రెండును చూచితిమి.

కాబట్టి తల్లులారా, గుడ్డ మార్చునప్పుడు చూడుడి. ఒక తొడ రెండవదానివలె విడివడకున్నను, మోకాళ్ళు మడిచినప్పుడు ఒకటి క్రిందుగా కనబడినను, నడకలో కుంటినను, బాతువలె ఊగినను వెంటనే చూపించుడి. నాలుగైదు నెలలవరకు అల్ట్రాసౌండ్, తరువాత ఎక్స్‌రే ఉపయోగపడును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో పరీక్షించు లోపములలో ఇదియు ఒకటి. ఇంటికి వచ్చు ఆశా కార్యకర్తను అడుగుడి.

బిడ్డ కాళ్ళు తిన్నగా సాగదీసి గుడ్డలో బిగించి చుట్టకుడి. జపాను దేశములో 1970ల దశకమున ఆ అలవాటు మాన్పించుటతో ఈ లోపము బాగుగా తగ్గినది. కాళ్ళు చెరియొక ప్రక్కను ఉండునట్లు చంకనెత్తుకొను మన అలవాటు మంచిదే.

ఒకప్పుడు అమలాపురమునుండి కాకినాడ వెళ్ళవలెనన్న మన పెద్దలు రేవులో పంటు కొరకు కాచుకొనిరి. నేడు ఎదుర్లంక వంతెనమీదుగా బస్సులోనే పోవచ్చును. అక్కడ 1958లో స్థాపించిన రంగరాయ వైద్య కళాశాలకు చేరిన ప్రభుత్వాసుపత్రి ఉన్నది. ఏ తల్లియైనను బిడ్డ నడకనుగూర్చి అనుమానము చెప్పినప్పుడు ఆమెకొరకు ప్రార్థింతము. ఆ పూటే వైద్యునియొద్దకు పంపుదము.