రెండు మార్కుల ప్రశ్న

కెమిస్ట్రీ అంటే నాకు భయం. ఓసారి మా బందరు స్కూలు నుంచి పెడన తీసుకెళ్లారు, కలంకారీ అద్దకం చూడ్డానికి. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లలో అచ్చు ముంచి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద అద్దితే నల్లబడిపోయింది! రియాక్షన్ అంటే అప్పుడు అర్థమైంది.

ఇంకోసారి గుడివాడ. మామూలు మట్టిదిబ్బ అనుకున్నది బౌద్ధ స్తూపమట!

చివరికి దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన మాకు రెండు మార్కుల ప్రశ్న, అంతే. అక్కడో మామ్మగారు తాటిచెట్టు చూపించి, "రాత్రంతా ఇలాంటి చెట్టునే పట్టుకున్నా నాయనా. మా తమ్ముడు చెయ్యి జారిపోయాడు" అంది.

తిరుగు బస్సులో ఎవరూ పాటలు పాడలేదు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. రెండు లైన్లలో ఆపలేకపోయా.

ఈసారి స్కూల్లో టూర్ అంటే, పేరివ్వండి.