పెట్రోల్‌లో మన మక్కలు – అమ్మినా కొన్నా నష్టం మనకేనా?



ఇప్పుడు మనం బండ్లలో పోయిస్తున్న పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాలే. మనం పండించిన చెరుకు, మక్కలు, నూకల నుంచే అది తయారవుతోంది. లీటరు పెట్రోల్‌తో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో శక్తి మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే ఆరేడు శాతం శక్తి తగ్గినట్టే. దానికి తగ్గట్టు తయారైన ఇంజన్ బాగానే నడుస్తుంది. మన పాత బండ్లకే మైలేజీ దెబ్బ ఎక్కువ, రబ్బరు పైపులు చెడిపోతాయన్న భయం.

మనం ఇథనాల్‌కు వ్యతిరేకం కాదు. 2025-26కు మక్కల మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఫ్యాక్టరీకి చేరే ప్రతి గింజకూ ఆ ధర చట్టబద్ధంగా దక్కాలి. మైలేజీ తగ్గినంత మేర పెట్రోల్ ధరా తగ్గాలి. ఈ రెండూ సాధించేదాకా కొట్లాడుదాం!