కలగూరకు కలగాపులగానికి చుట్టరికం లేదు



గిడుగు రామమూర్తి పంతులుగారి పేరిట మాట్లాడమని పిలిచారు, సంతోషం. 1863లో పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో చదువు చెప్పారు, వాడుక భాష కోసం పోరాడారు, 1940లో పోయారు. ఇదంతా ఏటా ఆగస్టు 29న బడిపిల్లలు అప్పజెబుతూనే ఉన్నారు. నాకు ఆయన మీద అభిమానం వేరే చోట ఉంది. మన్యం జ్వరానికి క్వినైను మింగి చెవులు పోగొట్టుకున్న మనిషి, 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. చెవి మిషను పెట్టుకుని తిరిగే నాకు అది మామూలు సంగతిగా తోచదు.

గ్రాంథిక వివాదం మళ్లీ ఎత్తను. అది తేలిపోయింది. తేలనిది కలగూర.

ఇచ్ఛాపురం, సోంపేట, మందస వైపు మన మాటలో ఒడియా కలుస్తుంది. బయటి పండితులు దాన్ని కలగూరగంప అంటారు, ఇంకాస్త విసుగొస్తే కలగాపులగం అంటారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం మీదే ఏళ్ల తరబడి నా తగాదా.

కలగడమంటే అడుగున ఉన్నది పైకి లేవడం. చెరువు కలగుతుంది, మనసు కలగుతుంది. కలక, కలత ఆ ఇంటి పిల్లలే. పాత రాతలో కలఁగుకు అరసున్న ఉండేది, కలయుకు లేదు. రెండూ వేర్వేరు ధాతువులు. పులగంలో బియ్యం, పెసరపప్పు కలిసి ఉడుకుతాయి, తప్పేమీ లేదు. ముందు కలగా చేరాకే అది గందరగోళమైంది. కలగూర అటు పుట్టింది కాదు, కలయిక నుంచి వచ్చింది.

దీనికో ఆక్షేపణ ఉంది. కల అంటే ‘ఉన్న’ అనీ, ఇంట్లో ఉన్న ఆకులన్నీ పడేసిందే కలగూర అనీ. మరి కలగలుపు మాటేమిటి? ఉన్న కలుపు అని అర్థం చెబుతారా? అక్కడ కలపడమే రెండుసార్లు పలికింది.

ఇంకొకరు, వ్యుత్పత్తి ఎలా ఉన్నా వాడుకలో అది తిట్టే కదా అన్నారు. వాడుకే ప్రమాణం, ఒప్పుకున్నాను. ఎవరి వాడుక? వేదికలెక్కేవాళ్లదా, వండేవాళ్లదా? మా మేనత్తను అడిగితే, “ఏది పడితే అది ఏసీడానికి అది కుడితి గోలెమేట్రా?” అంది. తోటకూర కాడలు ముందు వేస్తుంది. అవి సగం మెత్తబడ్డాక బచ్చలి. చింతచిగురు ఆఖర్న, ఎందుకంటే పులుపు ముందే పడితే కాడ ఉడకదు. గంగవాయిలి దొరికిన రోజున చిగురు తగ్గిస్తుంది, దానికే పులుపుంది కనుక. ఇంత లెక్క ఉన్న పనిని చిందరవందరకు పేరుగా వాడుతున్నారు!

పలాస జీడి వ్యాపారులు నాతో ఇంకో పేచీ పెట్టారు. వాళ్ల దగ్గర కలపడమే నేరం. 320 నంబరు గుళ్లంటే పౌనుకు 300 నుంచి 320 తూగాలి. అందులో బద్దలు కలిశాయా, ధర పడిపోయింది. నిజమే. కానీ అది కల్తీ. తక్కువ సరుకు దాచి ఎక్కువ ధర అడగడం. కలగూర వండినావిడ ఏయే ఆకులు వేసిందో అడక్కుండానే చెబుతుంది.

ఉద్దానం తోట కూడా ఇలాంటి కూర్పే. కొబ్బరి, జీడి, పనస, మామిడి, మునగ ఒకే దొడ్డిలో పెరుగుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వాటిని నేలకూల్చాక, ఏ చెట్టు పక్కన ఏది నాటేవారో, ఆ పొత్తులకు ఏ మాటలు వాడేవారో పెద్దవాళ్లను అడిగి రాసుకోవడం మొదలుపెట్టాను. అది పెరిగి నిఘంటువు పనైంది. ప్రస్తుతం ‘కలుపు’ దగ్గర బండి ఆగింది. కలపడమూ కలుపే, పొలంలో పీకి పారేసేదీ కలుపే. గంగవాయిలి, చెంచలి పొలంలో కలుపు, గంపలో కూర. ఒకే ఆరోపం, అంటే ఒకే తలమాట కింద పెట్టాలా, విడదీయాలా? నేను విడదీశాను, మా సహసంపాదకుడు ఒప్పుకోవడం లేదు.

క అక్షరం కాగితాలు తెచ్చాను, బల్ల మీద ఉన్నాయి. తప్పున్న చోట పెన్సిలుతో గీత పెట్టండి. ఒడియా మాటలు నాకు చాలవు. మందస వైపువాళ్లు భోజనాలయ్యాక వెళ్లిపోకండి.