వ్యాపార విద్యాలయమునందు కంప్యూటరు సేవల స్థానము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

 

 నేటి విషయము కొందఱికి వింతగా దోచవచ్చును. మగ్గమునకును కంప్యూటరునకును సంబంధమేమి యని యడుగుదురేమో! సంబంధము కలదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సుదేశపు లియోను పట్టణమున జాకార్డు అనునాతడు, చిల్లులు వేసిన యట్టలచే పడుగుపోగుల నెత్తించి, బట్టపై చిత్రములు దీర్చు సాధనమును నిర్మించెను. ఆ యట్టలను జూచియే యింగ్లండున బాబేజి తన గణనయంత్రమునకు అట్టి యట్టలనే వాడ దలంచెను. 1890 నాటి యమెరికా జనసంఖ్యను హాలరిత్తు చిల్లుల కార్డులతోనే లెక్కించెను. కావున కంప్యూటరు మన మగ్గమునకు పరాయిది కాదు, చుట్టమే.

హైదరాబాదునందు 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ పాఠముల నారంభించెను. 2015లో విశాఖపట్టణమున ఐ.ఐ.ఎం. వెలసెను. ఇట్టి విద్యాలయములలో భవనములును, ఆచార్యులును మన కంటికి కనబడుదురు. కనబడనిది సమాచార సాంకేతిక సేవాశాఖ. విద్యార్థి దరఖాస్తు పెట్టిన నాటినుండి పట్టము పుచ్చుకొను వఱకు, ఫీజులు, పాఠములు, గ్రంథాలయము, పరీక్షలు, మార్కులు అన్నియు దాని చేతిమీదుగనే నడచును. నేయువానిని లోకము చూచును. పడుగు సిద్ధపఱచినవానిని చూడదు. కాని పడుగు తెగినచో నేతయే లేదు. పరీక్షదినమున సర్వరు నిలిచిన విద్యాలయము గతియు నంతియే.

ఆ శాఖకు ధర్మములు నాలుగు. యంత్రములను నిరంతరము నడపుట మొదటిది. లెక్కలకు వేఱొకచోట ప్రతిని దాచియుంచుట రెండవది. విద్యార్థుల సొంత వివరములు పరులపాలు గాకుండ గాచుట మూడవది. ఇందులకై 2023లో పార్లమెంటు ప్రత్యేకశాసనమునే చేసినది. తెలియనివారిని చిన్నబుచ్చక నేర్పుట నాల్గవది. మన పిల్లలకు ఈ నాల్గవదియే ప్రాణము. తెలుగు బడిలో చదివి, ఫోను తప్ప వేఱు యంత్రమెఱుగక పోయిన బాలుడు, మొదటివారముననే లెక్కల పట్టీని కంప్యూటరుపై వేయుమన్నచో తెల్లబోవును. తెలివి తక్కువై కాదు, చేయి తిరుగక.

ఇది చదువుకొనువారికి మాత్రమే సంబంధించిన మాట కాదు. 2017 జూలై 1 నుండి జి.ఎస్.టి. వచ్చిన పిదప సిరిసిల్ల వ్యాపారికి బిల్లు సైతము కంప్యూటరు పనియే యైనది. ఆ సంవత్సరముననే బతుకమ్మ చీరల ఆర్డరు మరమగ్గములకు పని కల్పించెను. అయినను ఒక్క కొనుగోలుదారునే నమ్మిన యూరు, ఆర్డరు ఆలస్యమైన నాడు ఆసాములకును కార్మికులకును ఎంత కష్టమో యెఱుగును. నూలు ధరను లెక్కగట్టి, నిలువసరకు నెఱిగి, దూరదేశపు కొనుగోలుదారుని వెదకగల బిడ్డలు మనకు కావలెను. కోరుట్ల, జగిత్యాలల యువకులు గల్ఫునకు పోవుటయు, తల్లులు బీడీలు చుట్టి పిల్లలను చదివించుటయు మనమెఱుగనివి కావు. ఆ తల్లుల కష్టము వృథా గారాదు.

కొండగట్టు చెంత జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల 2007 నుండి యున్నది. కరీంనగరమున శాతవాహన విశ్వవిద్యాలయము 2008లో నేర్పడినది. 2017లో మొదలైన స్వయం ద్వారా బెంగుళూరు ఐ.ఐ.ఎం. పాఠములను ఇంటనుండియే రుసుము లేక వినవచ్చును. ద్వారము తెఱచియే యున్నది. చేయిపట్టి లోనికి నడపువాడు లేడు.

కావున పోషకులకు మా విన్నపము. మూడు పట్టణములందును ఒక్కొక్క గది యేర్పఱుపుడు. యంత్రములను మాత్రము దానమిచ్చి ఫలకముపై పేరు చెక్కించిన చాలదు. చూచువాడు లేని యంత్రము దుమ్ముపాలగును. జీతమునకు ఒక నిపుణుని నియమింపుడు. మరమ్మతులకు కొంత సొమ్ము ఏటేట వేఱుగ దీసియుంచుడు. సాయంకాలములు బాలికలకు ప్రత్యేకముగ కేటాయింపుడు. గది తెఱచిన దినముల లెక్కయు, నేర్చినవారి లెక్కయు ప్రతి మహాసభయందు చదివి వినిపింపుడు.

మగ్గమును నమ్మిన మన పెద్దలు దాని ప్రతి పోగును ఎఱిగియుండిరి. ఈ క్రొత్త యంత్రమునకును మన బిడ్డలు కూలీలు గాక, మర్మమెఱిగిన పనివారు గావలెనని కోరుచు విరమించుచున్నాము.