మెదకు దేవాలయము: రాయి, ఆహారము



క్రిస్మసుకు బాన్సువాడ నుండి మెదకు వెళ్లినప్పుడు మనమందరము ముందుగా తలయెత్తి చూచేది 175 అడుగుల ఆ గోపురమునే. ఆ కట్టడపు శైలి మాత్రము చాలా పాతది. 1098లో ఫ్రాన్సులో ఆరంభమైన సిస్టర్సియను సన్యాసుల సమాజములో ఇంగ్లండులోని ఫౌంటెన్స్ మఠము కూడా చేరినది. 1132లో స్థాపించబడిన ఆ మఠపు దేవాలయము శిథిలమైనను, దాని మొనదేలిన కమానులు నేటికిని నిలిచియున్నవి. గోథిక్ అనబడు శైలికి ఆ కమానే ప్రాణము. మన మెదకులోనూ అదే శైలి.

అయితే ఆ సన్యాసులు నిరాడంబరత కొరకు రంగు అద్దములను, రాతి గంట గోపురములను నిషేధించిరి. మెదకులో రెండూ ఉన్నవి. చిత్రములు గల అద్దపు కిటికీలు 1927, 1947, 1958 సంవత్సరములలో అమర్చబడినవి. మరి ఇది ఆడంబరము కాదా?

జవాబు కట్టిన విధములో ఉన్నది. కరవుకాలములో రెవరెండు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆకలిగొన్నవారికి ఊరక దానమీయలేదు. పని కల్పించి ఆహారమిచ్చిరి. 1914లో ఆరంభమైన పని ముగిసి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల ఆ మందిరపు పనివలన కూలివారి ఇండ్లలో పొయ్యిలు వెలిగినవి. బిచ్చమెత్తకుండ కష్టించి తిన్నామను గౌరవము వారికి దక్కినది.

కనుక మన ఊళ్లలో మందిరము కట్టదలచినప్పుడు, ఎత్తెంత అని అడుగుటకు ముందు, ఈ పనివలన ఎవరి కడుపు నిండును అని అడుగుదము.